విదేశీ సెమిస్టర్‌కు ముందు సొంత కాలేజీలో చూసుకోవాల్సినవి

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ జర్మనీలోనో కొరియాలోనో చదివి రావడం ఇప్పుడు మన కాలేజీల్లో వింతేమీ కాదు. అడ్మిషన్ల కాలంలో పంచే బ్రోషర్ల మీద విదేశీ యూనివర్సిటీల చిహ్నాలు వరసగా అచ్చేసి ఉంటాయి. వాటిని చూడగానే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న, ఏ దేశమైతే బాగుంటుంది అని. నిజానికి ఆ ప్రశ్న చివర్లో రావాలి. ఎక్స్ఛేంజ్‌కు వెళ్లినవాళ్లకు పెద్ద చిక్కు అక్కడి క్లాసులో రాదు, తిరిగొచ్చాక ఇక్కడి ఎగ్జామినేషన్ బ్రాంచి కిటికీ దగ్గర వస్తుంది. అక్కడ పాసైన సబ్జెక్టు ఇక్కడి మెమోలో ఏ పేరుతో, ఎన్ని క్రెడిట్లతో, ఏ గ్రేడుతో పడుతుందో ముందే కాగితం మీద లేకపోతే, ఆరు నెలలు కష్టపడి చదివిన చదువు ఆరు సప్లీలుగా మిగులుతుంది.

అసలు ఎక్స్ఛేంజ్ అంటే రెండు విద్యాసంస్థల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం. వెళ్లేవాళ్లు ట్యూషన్ ఫీజు తమ కాలేజీకే కడతారు, అక్కడ కట్టరు. అక్కడినుంచి వచ్చేవాళ్లూ అంతే. ఈ చిన్న సూత్రంలోనే సీట్ల సంగతంతా ఉంది. మన వైపునుంచి ఏటా పదిమంది వెళ్తామంటారు, అటునుంచి ఇటు వచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో. రెండు మూడేళ్లకు లెక్క ఒకవైపు ఒరిగిపోయి, అటువైపు సంస్థ సీట్లు తగ్గిస్తుంది. అందుకే విదేశీ విద్యార్థులను తనవైపు రప్పించుకోగల సంస్థకు ఈ బేరంలో బలం ఎక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1998 నుంచే ‘స్టడీ ఇన్ ఇండియా’ పేరుతో విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుపుతోంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ‘మీ పిల్లలు ఎక్కడికి వెళ్తారు’ అని అడిగే తల్లిదండ్రులు ‘అక్కడినుంచి ఇక్కడికి ఎవరైనా వస్తున్నారా’ అని కూడా అడగాలి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మొదటిదాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఫీజు అక్కడి యూనివర్సిటీకే కట్టి ఒక సెమిస్టర్ చదివే పద్ధతి కూడా ఉంది. యూరప్‌లో అలా వెళ్లేవాళ్లను ‘ఫ్రీ మూవర్’ అంటారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అది ఎక్స్ఛేంజ్ కాదు. మూడు వారాల సమ్మర్ స్కూల్ కూడా ఎక్స్ఛేంజ్ కాదు. కన్సల్టెన్సీ బోర్డు మీద ఏ పేరున్నా, ట్యూషన్ ఫీజు ఎవరి ఖాతాకు వెళ్తోందని అడిగితే అది ఏ రకమో తేలిపోతుంది. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ముండుస్‌తో వచ్చే గందరగోళం కూడా ఇలాంటిదే. అది పూర్తి మాస్టర్స్ డిగ్రీ, స్కాలర్‌షిప్ నెలకు 1,400 యూరోలు, విద్యార్థి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. బీటెక్ మధ్యలో సెమిస్టర్‌కు వెళ్లేవాళ్లకు వర్తించేది ఎరాస్మస్ ప్లస్ అనే పెద్ద పథకం కిందనే విద్యార్థుల రాకపోకలకు ఇచ్చే మొబిలిటీ నిధి. దానికి విద్యార్థి సొంతంగా దరఖాస్తు పెట్టలేరు. రెండు సంస్థలూ కలిసి ప్రాజెక్టు తెచ్చుకుని ఉండాలి. 1987లో 11 దేశాల మధ్య 3,244 మంది విద్యార్థులతో మొదలైన ఎరాస్మస్ పథకం మన విద్యార్థుల దాకా వచ్చిందంటే, వచ్చిన దారి ఈ సంస్థల ఒప్పందాలదే.

ఎంఓయూ ఒకటి, ఒప్పందం ఇంకొకటి

బ్రోషర్‌లో ఉండే చిహ్నాల్లో ఎక్కువ భాగం ఎంఓయూలు. రెండు సంస్థలు కలిసి పనిచేద్దామనుకున్నాయని మాత్రమే ఆ కాగితం చెబుతుంది. విద్యార్థి విమానం ఎక్కాలంటే దానిమీద విద్యార్థి మార్పిడి ఒప్పందం విడిగా ఉండాలి. ఏటా ఎన్ని సీట్లు, ఏ డిపార్ట్‌మెంట్లకు, బ్యాచిలర్స్‌కా మాస్టర్స్‌కా, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. మెకానికల్ విభాగాల మధ్య కుదిరిన ఒప్పందంతో సీఎస్ఈ విద్యార్థి వెళ్లడం కుదరకపోవచ్చు. మాస్టర్స్ వాళ్లకు మాత్రమే అని రాసి ఉంటే బీటెక్ వాళ్లు ఎంత అడిగినా లాభం లేదు.

ఇంకా లోతుగా చూడాల్సింది సొంత కాలేజీకి ఉన్న అధికారం. జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మామూలు కాలేజీలో సిలబస్, పరీక్ష, మెమో అన్నీ యూనివర్సిటీ చేతిలో ఉంటాయి. ప్రిన్సిపాల్ గారు ఎంత మంచి మనసుతో సంతకం పెట్టినా, స్వీడన్‌లో చదివిన సబ్జెక్టును మెమోలో ఎక్కించే అధికారం ఆయనకు ఉండదు. యూనివర్సిటీ నుంచే అనుమతి రావాలి. సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే అటానమస్ కాలేజీకి ఈ విషయంలో వెసులుబాటు ఎక్కువ. సొంత యూనివర్సిటీ అయితే ఇంకా ఎక్కువ. ఐఐటీ, బిట్స్ లాంటి చోట్ల పిల్లలు సులువుగా వెళ్లి రావడానికి పేరున్న సంస్థలు కావడం ఒక్కటే కారణం కాదు. సిలబస్ రాసేదీ, పరీక్ష పెట్టేదీ, డిగ్రీ ఇచ్చేదీ ఒకే సంస్థ కావడం అసలు కారణం.

యూజీసీ 2022 మే నెలలో తెచ్చిన నిబంధనల ప్రకారం నడిచే, ఇక్కడ కొంత, విదేశీ సంస్థలో కొంత చదివే ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీలను ఎక్స్ఛేంజ్‌తో కలపకూడదు. ట్విన్నింగ్‌లో విదేశీ సంస్థనుంచి తెచ్చుకోగల క్రెడిట్లు మొత్తంలో 30 శాతానికి మించకూడదు. అవి వేరే దారి.

మెమోలో ఏం పడుతుంది

ఇక క్రెడిట్ల లెక్క. మన బీటెక్ నాలుగేళ్లకు సుమారు 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 20. వారానికి ఒక గంట లెక్చర్‌కు ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్. యూరప్‌లో వాడే ఈసీటీఎస్ పద్ధతిలో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. అక్కడ ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పడాల్సిన 25 నుంచి 30 గంటల శ్రమ. క్లాసు, లైబ్రరీ, అసైన్‌మెంటు, పరీక్ష కోసం చదువు అన్నీ అందులోనే. కాబట్టి ఇక్కడి నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకు అక్కడి ఆరు క్రెడిట్ల కోర్సు సమానం అవుతుంది. ఈ లెక్క మీ కాలేజీ రెగ్యులేషన్లలో రాసి ఉందా లేదా అన్నది ముఖ్యం. లేకపోతే ‘ఒకటికి ఒకటి’ అనో, ‘క్లాసు గంటలు చూపించండి’ అనో తర్వాత ఎవరైనా అడగవచ్చు. యూరప్ కోర్సుల్లో క్లాసు గంటలు తక్కువ, సొంతంగా చదివే గంటలు ఎక్కువ. గంటలు లెక్కపెడితే మనవాళ్లకు నష్టం.

త్రీ-టూలో, అంటే మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లో, వెళ్లాలనుకునే సీఎస్ఈ విద్యార్థిని ఒకామె ముందున్న కాగితాన్ని ఊహించుకుందాం. దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. ఎడమవైపు ఇక్కడి సెమిస్టర్: మెషీన్ లెర్నింగ్, కంపైలర్ డిజైన్, ఒక ప్రొఫెషనల్ ఎలెక్టివ్, ఒక ఓపెన్ ఎలెక్టివ్, రెండు ల్యాబ్‌లు, క్రెడిట్లు లేకపోయినా పాసవ్వాల్సిన మాండేటరీ కోర్సు ఒకటి. కుడివైపు అక్కడి కోర్సులు నింపాలి. మెషీన్ లెర్నింగ్ దొరుకుతుంది, కానీ అక్కడ అది మాస్టర్స్ స్థాయిలో ఉండి బ్యాచిలర్స్ వాళ్లకు ప్రవేశం లేకపోవచ్చు. కంపైలర్ డిజైన్ ఆ సెమిస్టర్‌లో ఉండకపోవచ్చు. ఉన్నా ఇంగ్లిష్‌లో చెప్పకపోవచ్చు. ల్యాబ్ అక్కడ విడి సబ్జెక్టు కాదు, థియరీలోనే కలిసి ఉంటుంది. ఇలా ఏడు వరసల్లో ఎలెక్టివ్‌లు రెండూ మాత్రమే హాయిగా నిండుతాయి. మిగిలినవాటికి ప్రతి సబ్జెక్టు టీచర్ దగ్గరికీ అక్కడి సిలబస్ పట్టుకెళ్లి, ఇది దానికి సమానమేనని రాయించుకోవాలి.

దీన్నుంచి తేలేది ఒకటి: మన పాఠ్యప్రణాళికలో ఎలెక్టివ్‌లు ఎక్కువగా ఉన్న సెమిస్టరే ఎక్స్ఛేంజ్‌కు తగిన సెమిస్టర్. కోర్ సబ్జెక్టులు, ల్యాబ్‌లు కిక్కిరిసిన టూ-టూలో వెళ్లడం అన్నిటికంటే కష్టం. ఇంగ్లిష్‌లో బోధించే కోర్సుల కోసం డిగ్రీ పేజీ చూసి తృప్తి పడకూడదు. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకోసం ఆ సెమిస్టర్‌కు విడిగా ఇచ్చే జాబితా చూడాలి. నెదర్లాండ్స్, స్వీడన్, ఫిన్లాండ్‌లలో బ్యాచిలర్స్ స్థాయిలోనూ ఇంగ్లిష్ కోర్సులు బాగానే దొరుకుతాయి. జర్మనీలో మాస్టర్స్ స్థాయిలో దొరికినన్ని బ్యాచిలర్స్‌లో దొరకవు.

గ్రేడుల మార్పిడి గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడుకుంటారు, నష్టం మాత్రం అక్కడ పెద్దదే. జర్మనీలో 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు, 4.0 పాస్, 5.0 ఫెయిల్. దీన్ని మార్చడానికి బవేరియన్ ఫార్ములా అనే లెక్క వాడతారు. గరిష్ఠ మార్కులోంచి వచ్చిన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠ మార్కుకూ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. పది పాయింట్ల స్కేలులో 4 పాస్ అనుకుంటే 8 గ్రేడు జర్మనీలో సరిగ్గా 2.0 అవుతుంది. వెనక్కి లెక్కేసినా అంతే. ఫ్రాన్స్ విషయం ఇంత సులువు కాదు. అక్కడ మార్కులు 20కి, పాస్ 10కి. 14 వస్తే ‘బాగుంది’ అని విడిగా గుర్తింపు ఇస్తారు, 16 దాటడం అరుదు. ఇక్కడ ఎవరో గుమాస్తా దాన్ని సగం చేసి 7 వేస్తే, క్లాసులో ముందు వరసలో ఉన్న విద్యార్థి మెమోలో మామూలు విద్యార్థి అవుతారు. అందుకే యూరోపియన్ కమిషన్ 2015 నాటి ఈసీటీఎస్ మార్గదర్శి గ్రేడ్ల పంపిణీ పట్టిక జత చెయ్యమంటుంది. ఆ కోర్సుల్లో ఏ గ్రేడు ఎంత శాతం మందికి వచ్చిందో ఆ పట్టిక చెబుతుంది. కొన్ని సంస్థలు గ్రేడు జోలికి పోకుండా క్రెడిట్లు మాత్రమే బదిలీ చేసి ‘పాస్’ అని వేస్తాయి. సీజీపీఏ కదలదు. ఈ పద్ధతే విద్యార్థికి అన్నివిధాలా క్షేమం. రెండు పద్ధతుల్లో ఏదైనా ఎంచుకోమంటే ఇదే కోరుకోవాలి.

క్యాలెండర్లు కలవకపోతే

దేశం ప్రశ్నకు చోటు ఇక్కడ మొదలవుతుంది. మన త్రీ-వన్ జులై, ఆగస్టుల్లో మొదలై నవంబర్, డిసెంబర్‌తో అయిపోతుంది. జర్మనీ వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలైనా, క్లాసులు అక్టోబర్ మధ్యనుంచి ఫిబ్రవరి మధ్యదాకా సాగుతాయి, ఆ తర్వాత పరీక్షలు. వెళ్లిన విద్యార్థి తిరిగొచ్చేసరికి ఇక్కడ త్రీ-టూ సగం అయిపోయి ఉంటుంది. 75 శాతం హాజరు అందదు, డిటెన్షన్ భయం. పోనీ సమ్మర్ సెమిస్టర్‌కు వెళ్దామంటే అది ఏప్రిల్‌లో మొదలై క్లాసులు జులైదాకా, పరీక్షలు ఒక్కోచోట ఆగస్టుదాకా పోతాయి. ఫోర్-వన్ ఆరంభం, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మొదలయ్యే వారాలు అందులో కొట్టుకుపోతాయి. జర్మనీకి ఏడాదిపాటు వెళ్లడమో, ఫోర్-టూలో ప్రాజెక్టుకు వెళ్లడమో మేలని అనుభవమున్నవాళ్లు అనేది అందుకే. మన్‌హైమ్ యూనివర్సిటీ లాంటివి మాత్రం దేశంలో మిగతావాటికి భిన్నంగా సెప్టెంబర్, ఫిబ్రవరి నెలల్లో క్లాసులు మొదలుపెడతాయి.

సింగపూర్‌లో ఆగస్టు నుంచి డిసెంబర్ మొదటి వారాలదాకా ఒక సెమిస్టర్, జనవరి నుంచి మే మొదట్లోదాకా రెండోది. మన క్యాలెండర్‌మీద గీసినట్టు సరిపోతుంది. కొరియా రెండో సెమిస్టర్ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మూడో వారందాకా కాబట్టి త్రీ-వన్‌కు సర్దుబాటు అవుతుంది. స్వీడన్‌లో జనవరి మధ్యనుంచి జూన్ మొదటి వారందాకా నడిచే సెమిస్టర్ త్రీ-టూకు కుదురుతుంది. జపాన్ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అక్కడ జర్మనీలాంటి ఇబ్బందే.

దరఖాస్తు రెండు మెట్లు. ముందు సొంత కాలేజీ నామినేట్ చెయ్యాలి, తర్వాత అక్కడి సంస్థ అడ్మిషన్ ఇవ్వాలి. ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కు నామినేషన్ గడువులు మార్చి, ఏప్రిల్‌లలో ముగుస్తాయి. వీసాకు పట్టే వారాలు కూడా కలిపితే, త్రీ-వన్‌కు వెళ్లాలనుకునేవాళ్లు టూ-వన్‌లోనే కాగితాలు కదిలించాలి.

ట్యూషన్ ఫీజు లేకపోయినా

జర్మనీకి వెళ్లే విద్యార్థి బ్లాక్డ్ అకౌంట్‌లో 2024 సెప్టెంబర్ నుంచి నెలకు 992 యూరోల చొప్పున చూపించాలి. ఆరు నెలలకు 5,952 యూరోలు. యూరో వంద రూపాయలుగా వేసుకుంటే దాదాపు ఆరు లక్షలు. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, నెలనెలా విద్యార్థి ఖర్చుకే వస్తుంది. కానీ వెళ్లకముందే చేతిలో ఉండాలి. దీనికి విమాన టికెట్, వీసా ఫీజు, గది అడ్వాన్సు, ఇన్సూరెన్సు తోడవుతాయి. యూనివర్సిటీకి కట్టే సెమిస్టర్ రుసుము వేరే. ఎవరూ చెప్పని చిన్న ఖర్చులూ ఉంటాయి. జర్మనీలో ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము ఉంటుంది, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. గదులు పంచుకునేవాళ్లు కలిసి ఒక్కటే కడితే చాలు.

ఎరాస్మస్ ప్లస్ మొబిలిటీలో వచ్చే విద్యార్థికి, వెళ్లే దేశాన్నిబట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు, దూరాన్నిబట్టి ప్రయాణ ఖర్చు ఇస్తారు. ఈ నిధి ఉన్న సీటుకూ, ట్యూషన్ మాఫీ మాత్రమే ఉన్న సీటుకూ మధ్యతరగతి ఇంట్లో తేడా అప్పు చేయడమా, చేయకపోవడమా అన్నంత. మొదటి వాయిదా అక్కడికి చేరాకే అందే చోట్లు ఉన్నాయి కాబట్టి టికెట్ డబ్బు, మొదటి నెల ఖర్చు ఎలాగూ ఇంటినుంచే. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి రాష్ట్ర పథకాలు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకోసం పెట్టినవి. బీటెక్ మధ్యలో ఒక సెమిస్టర్‌కు వాటిమీద ఆశ పెట్టుకోకూడదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలు ఇంకో సంగతి చూసుకోవాలి. దానికి 75 శాతం హాజరు తప్పనిసరి. విద్యార్థి సియోల్‌లో క్లాసులో కూర్చున్నా, ఇక్కడి రిజిస్టర్‌లో ఆ ఆరు నెలలు గైర్హాజరుగా పడితే ఆ ఏడాది ఫీజు చిక్కులో పడుతుంది. ఎక్స్ఛేంజ్ కాలాన్ని హాజరుగా లెక్కిస్తామని కాలేజీ రాసివ్వాలి, ఆ కాగితం స్కాలర్‌షిప్ చూసే సెక్షన్‌కు కూడా చేరాలి. పేదింటి పిల్లలు ఈ అవకాశానికి దూరంగా ఉండిపోవడానికి డబ్బు ఎంత కారణమో, ఇలాంటివి చెప్పే మనిషి కాలేజీలో లేకపోవడం కూడా అంతే కారణం.

అమెరికా, ఇంటర్ పిల్లలు

అమెరికాకు ఎక్స్ఛేంజ్‌లో వెళ్లేవాళ్లకు సాధారణంగా జే-1 వీసా, డీఎస్-2019 పత్రం. మనవాళ్లందరికీ తెలిసిన ఎఫ్-1, ఐ-20 కాదు. జే-1కు ఇన్సూరెన్సు కచ్చితం: ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల రక్షణ ఉండాలి. అంతకంటే ముఖ్యం రెండేళ్ల నియమం. ఇది వర్తించినవాళ్లు స్వదేశంలో మొత్తం రెండేళ్లు గడిపేదాకా, లేదా మినహాయింపు తెచ్చుకునేదాకా, హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగ వీసాలు, గ్రీన్‌కార్డు పొందలేరు. చదువుతున్న రంగం స్వదేశానికి అవసరమైన నైపుణ్యాల జాబితాలో ఉందన్న కారణంతో ఈ నియమం మనవాళ్లకు పడుతుండేది. 2024 డిసెంబర్‌లో ఆ జాబితాలోంచి భారత్‌ను తీసేశారు. ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకు మాత్రం అది అలాగే ఉంది, ఆ ప్రభుత్వం అమెరికాదైనా మనదైనా. తర్వాత ఎంఎస్, ఉద్యోగం అక్కడే అనుకునేవాళ్లు డీఎస్-2019 మీదా, వీసా స్టాంపు మీదా ఈ నియమం గురించి ఏం రాసి ఉందో చదువుకోవాలి. అందుకని ప్రభుత్వ స్కాలర్‌షిప్ వదులుకోవాలని కాదు. తెలిసి తీసుకోవాలి.

స్కూలు స్థాయిలో అమెరికా విదేశాంగ శాఖ 2002లో మొదలుపెట్టిన యస్ (యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ) కార్యక్రమంలో మన దేశం కూడా ఉంది, ఖర్చంతా ఆ కార్యక్రమానిదే. జే-1 మీద వెళ్లే హైస్కూలు విద్యార్థులకు ప్రోగ్రాం మొదలయ్యేనాటికి 15 ఏళ్లు నిండి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. ఆతిథ్యమిచ్చే కుటుంబం డబ్బు తీసుకోదు, ఊరు ఎంచుకునే వీలు విద్యార్థికి ఉండదు. మన ఇళ్లలో ‘ఏడాది పోతుంది’ అన్న భయం ఇక్కడ నిజమైనదే. ఇంటర్ ఫస్టియర్, సెకండియర్ మధ్యలో వెళ్తే రెండువైపులా చెడుతుంది. పదో తరగతి అవగానే, ఇంటర్‌లో చేరకముందు వెళ్లి రావడమే శుభ్రంగా ఉంటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో రెండు అవకాశాల లెక్క పన్నెండో తరగతి ఏడాదినుంచి మొదలవుతుంది కాబట్టి, దానికి ముందు గడిపిన ఏడాదివల్ల ఆ అవకాశం తగ్గదు.

అక్కడికి చేరాక రెండో వారంలో

ఇంత జాగ్రత్తగా నింపిన లెర్నింగ్ అగ్రిమెంట్ అక్కడికి వెళ్లాక చాలాసార్లు మారుతుంది. రెండు కోర్సుల క్లాసులు ఒకే సమయంలో పడతాయి, ఒక కోర్సు సీట్లు నిండిపోతాయి, ఒకటి రద్దవుతుంది. అక్కడి కోఆర్డినేటర్ రెండు నిమిషాల్లో ‘ఇంకోటి తీసుకో’ అంటారు, విద్యార్థి తీసుకుంటారు, మంచి గ్రేడుతో పాసవుతారు. ట్రాన్స్‌క్రిప్ట్ ఇక్కడికి వస్తుంది. అందులోని కోర్సు పేరు, ఇక్కడి ఫైలులో ఉన్న కాగితంలోని పేరు ఒకటి కాదు.

మార్పులు రాసుకోవడానికి ఆ అగ్రిమెంట్‌లోనే రెండో భాగం ఉంటుంది. ఎరాస్మస్ పత్రాల్లో అది ముందునుంచే ఉంది. కాలేజీ సొంత ఫారంలో లేకపోతే పెట్టించుకోవాలి. కోర్సు మార్చిన వారంలోనే కొత్త సిలబస్ జతచేసి ఇక్కడి డిపార్ట్‌మెంట్ హెడ్‌కూ, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కూ మెయిల్ పెట్టాలి. జవాబు రాకపోతే వారానికోసారి మళ్లీ పెట్టాలి, ఇక్కడ క్యాంపస్‌లో ఉన్న ఒక స్నేహితుణ్ని ఆఫీసుకు పంపాలి. ‘చూశాం’ అన్న ఫోన్ మాట చాలదు. ఏ సబ్జెక్టుకు బదులు ఏ కోర్సు, ఎన్ని క్రెడిట్లు అన్నది సంతకంతో స్కాన్ అయి చేతికి రావాలి, అదీ అక్కడి కోర్సు రిజిస్ట్రేషన్ గడువు ముగిసేలోగా. ఆ తర్వాత కోర్సు మార్చుకునే వీలు అక్కడా ఉండదు.